నార చుట్టే ఒడుపు

విశాఖ దగ్గరి తగరపువలసలో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా పురికొస ఉండ ఒకటి కంటపడుతుంది. కొట్టతను పొట్లం మడిచి, కొస అందుకుని లాగుతాడు. ఉండ దొర్లదు, దారం మాత్రం దాని కడుపులోంచి జారి వస్తూనే ఉంటుంది. అలాంటిదొకటి కొనుక్కొచ్చి బల్లమీద పెట్టుకుని చూశాను. దారం బొంగరానికి చుట్టిన తాడులా పక్కపక్కన వరసగా లేదు. ఏటవాలుగా పైకి పోయి, అంచు దగ్గర మళ్ళి, కిందికి దిగుతూ తన కింది వరసను అడ్డంగా దాటుతోంది. దాటిన ప్రతిచోటా పై వరస కింది వరసను అదిమి పట్టుకుంటోంది. జిగురు లేదు, ముడి లేదు, లోపల కర్రముక్కయినా లేదు. నేలకేసి విసిరినా ఆకారం చెదరలేదు.

ఇందులో ఉన్నవి మూడే సంగతులు. దారాన్ని ఎంత బిగువుగా లాగారు, ఏ వాలులో చుట్టారు, ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య ఎంత జరిపారు. చిట్టివలస జూట్ మిల్లులో వైండింగ్ పని చేసిన పెద్దలకు ఇదంతా చెప్పనక్కర్లేదు. బిగువు తగ్గితే ఉండ డొల్లబారుతుంది, పెరిగితే దారం తెగుతుంది. వాలు తప్పితే అంచుల దగ్గర చుట్లు జారిపోతాయి. ఆ చేతులకు ఆ లెక్క తెలుసు.

గోస్తనీ నది పక్కనున్న ఆ మిల్లు 2009లో మూతపడింది. అయితే మిల్లు మూతపడక ఎంతో ముందే మన నార దేశాలు తిరిగింది. ఇక్కడి గోగునారకు అంతర్జాతీయ వర్తకంలో ‘బిమ్లీ జూట్’ అన్న పేరు స్థిరపడిపోయింది. బిమ్లీ అంటే పక్కనున్న మన భీమిలే. సరుకు ఓడెక్కిన రేవు పేరే సరుకు పేరయింది. ఆ నార తీయడమూ ఒక విద్యే. కోసిన గోగు కట్టలను రెండు మూడు వారాలు చెరువులో ఊరబెడతారు. కాండంలో మెత్తగా ఉన్నదంతా కుళ్ళి వదులవుతుంది, నార మిగులుతుంది. ఒకరోజు ముందు తీస్తే బెరడు వదలదు, ఒకరోజు ఆలస్యమైతే నార కూడా చీకిపోతుంది. నీళ్ళలో చెయ్యిపెట్టి, ఒక కాడ చివర గిల్లి చూసి, ఇక తీయొచ్చని చెప్పే మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరుండేవారు.

ఇప్పుడు హైదరాబాదులో మరో నారను చుడుతున్నారు. దాని రంగు నలుపు. చుట్టేది సంచుల కోసం కాదు, రాకెట్ల కోసం. చుట్టే సంస్థ స్కైరూట్ ఏరోస్పేస్. ఇస్రోలో ఇంజనీర్లుగా పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో పెట్టారు. చందన పుట్టింది విశాఖపట్నంలోనే. ఈ సంస్థ పెట్టుబడి గురించీ విలువ గురించీ పత్రికల్లో చాలా వచ్చింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ చుట్టుడు పని.

ముందు నార సంగతి. కార్బన్ ఫైబర్‌కు మూలం అక్రిలిక్ జాతి దారం. మన స్వెట్టర్లలో ఉండే నూలుకు అది దగ్గరి చుట్టం. దాన్ని లాగి పట్టుకుని, గాలిలో మెల్లగా రెండు మూడు వందల డిగ్రీల దాకా కాలుస్తారు. తర్వాత గాలి తగలని కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. ఆక్సిజన్ లేదు కనుక దారం మండదు. కార్బన్ తప్ప మిగిలినదంతా వాయువులై పోతుంది. గోగుకు నీళ్ళు చేసిన పని దీనికి నిప్పు చేస్తుందన్నమాట. మిగిలే ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, మన వెంట్రుకలో పదోవంతు. ఇలాంటి పోగులు పన్నెండు వేలు పక్కపక్కన చేరితే ఒక సన్నని నల్లటి పట్టీ. దానికి పురి ఉండదు. జనపదారానికి పురే బలం, పొట్టి నార ముక్కలను ఒకదానితో ఒకటి పెనవేసేది అదే. కార్బన్ పోగు ఎంత పొడుగైనా తెగకుండా సాగుతుంది కనుక పురి పెడితే లాభం లేదు, పైగా నష్టం. అన్ని పోగులూ తిన్నగా ఉంటేనే అన్నీ సమానంగా బరువు మోస్తాయి.

ఈ పట్టీని ఎపాక్సీ రెసిన్‌లో తడిపి, ఒక పెద్ద స్తంభంలాంటి అచ్చు మీద చుడతారు. ఆ అచ్చును మాండ్రిల్ అంటారు. మాండ్రిల్ తిరుగుతుంటే, దారాన్ని అందించే బండి దాని పొడుగునా అటూ ఇటూ నడుస్తుంది. తిరిగే వేగానికీ నడిచే వేగానికీ ఉన్న నిష్పత్తే వాలు. ఆ రెండింటినీ జతచేసి నడిపేది కంప్యూటరు. పురికొస ఉండలోని మూడు సంగతులే ఇక్కడా ఉన్నాయి, కొలతలు మాత్రం మిల్లీమీటర్లలోకి దిగుతాయి.

వాలు ఎంత ఉండాలి? పొలంలో మోటారుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం పగిలినప్పుడు గమనించే ఉంటారు. అది ఎప్పుడూ నిలువునా చీలుతుంది, అడ్డంగా తెగదు. లోపలి ఒత్తిడి గొట్టాన్ని పొడుగునా లాగే బలం కంటే చుట్టూరా విచ్చదీసే బలం సరిగ్గా రెట్టింపు. ఈ ఒకటికి రెండు లెక్కను ఒకే వాలులో చుట్టిన దారంతో తట్టుకోవాలంటే, గొట్టం పొడుగుతో దారం దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉండాలి. రాకెట్ మోటారులో పని ఇంకా చిక్కుగా ఉంటుంది. రెండు చివర్లా గుమ్మటాలుంటాయి, ఒక్కో గుమ్మటం నడిబొడ్డున లోహపు కంకణం ఉంటుంది. దారం గుమ్మటం మీదుగా వంపు తిరిగి, కంకణాన్ని ఒరుసుకుంటూ వెనక్కి రావాలి. ఆ వంపులో దారి తప్పితే తడి దారం జారుతుంది. బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి లాగితే అదంతట అదే ఒక దారి పట్టుకుంటుంది చూడండి, అలాంటి దారినే గుమ్మటం మీదా వెతకాలి. అందుకని పొడుగు వాలులో కొన్ని వరసలు, వాటి మీద చుట్టూరా బిగించే కట్టువరసలు కొన్ని, మళ్ళీ వాలు వరసలు. ఏ వరస తర్వాత ఏది రావాలన్నదే ఆ పనివాళ్ళ అసలు రహస్యం.

చుట్టడం అయ్యాక ఓవెన్‌లో ఉడకబెట్టాలి. అప్పుడు కూడా తిప్పుతూనే ఉండాలి. ఆపితే రెసిన్ కిందివైపుకు కారి, ఒక పక్క లావు, ఒక పక్క పలచన అవుతుంది. గట్టిపడ్డాక లోపలి మాండ్రిల్‌ను విడదీసి, చివరనున్న చిన్న నోటిలోంచి ముక్కలు ముక్కలుగా బయటికి తీస్తారు. మిగిలినది నల్లటి డొల్ల గొట్టం. ఉక్కుతో పోలిస్తే దాని సాంద్రత అయిదో వంతు. స్టీల్ సిటీ విశాఖ వాళ్ళం మనం, ఉక్కును తక్కువచేసే మాట అనడానికి నోరు రాదు. నిజానికి ఇస్రో వారి పీఎస్ఎల్వీ రాకెట్ మొదటి దశ మోటారు గొట్టం ఈనాటికీ ప్రత్యేకమైన ఉక్కుదే, అది నమ్మకంగా పనిచేస్తూనే ఉంది. చిన్న రాకెట్‌కు మాత్రం గొట్టం బరువు తగ్గేకొద్దీ ఉపగ్రహానికి చోటు పెరుగుతుంది.

ఇక లోపలికి వెళ్దాం. కార్బన్ గొట్టానికీ మంటకీ మధ్య ఈపీడీఎం అనే రబ్బరు పొర ఉంటుంది. అసలు పనిలో మాండ్రిల్ మీద ముందు పరిచేది దీన్నే. దారం చుట్టేది దీని మీద. లోపల మూడు వేల డిగ్రీల వేడి పుడుతుంటే రెండు వందల డిగ్రీలకే మెత్తబడే రెసిన్‌ను కాపాడేది ఈ పొరే. ఇది కాలుతూ, బొగ్గవుతూ, ఆ బొగ్గునే కవచం చేసుకుని నిలుస్తుంది. మంట ఆరేదాకా నిలిస్తే చాలు.

ఇంధనం ఒక ముద్ద. హెచ్‌టీపీబీ అనే జిగురు రబ్బరులో అమోనియం పెర్‌క్లోరేట్ ఉప్పునూ అల్యూమినియం పొడినీ కలిపి, చిక్కటి పిండిలా చేసి, గాలి తీసేసిన గొట్టంలోకి పోస్తారు. గాలిబుడగ ఒక్కటి మిగిలినా ప్రమాదమే. నడుమ ఒక కోర్ నిలబెట్టి పోస్తారు, ముద్ద గట్టిపడ్డాక దాన్ని లాగేస్తారు. ఆ ఖాళీ ఆకారంలోనే రాకెట్ నడక అంతా ఉంది. మంట లోపలి గోడమీద మొదలై బయటికి తింటూ పోతుంది. ఎంత వైశాల్యం మండుతుంటే అంత తోపు. ఖాళీ గుండ్రంగా ఉంటే మండేకొద్దీ అది పెద్దదై తోపు పెరిగిపోతుంది. నక్షత్రం ఆకారంలో పోత పోస్తే, ఒకవైపు ఖాళీ పెరుగుతున్నా మరోవైపు ఆ నక్షత్రపు కోణాలు అరిగిపోతుంటాయి. హెచ్చూ తగ్గూ చెల్లుకు చెల్లు, తోపు నిలకడగా ఉంటుంది. వెలిగించాక ఆపడానికి మీట లేని ఈ యంత్రానికి ఎప్పుడెంత మండాలో ముందే ముద్దలో చెక్కి పెడుతున్నారన్నమాట. ఇంత మొరటుగా కనిపించే వస్తువులో ఇంత సున్నితమైన లెక్క ఉండటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మంట బయటికి వచ్చే నాజిల్ దగ్గర మరో తెలివి. రాకెట్‌ను మళ్ళించాలంటే నాజిల్‌ను కొంచెం పక్కకు వంచాలి. మూడు వేల డిగ్రీల వాయువు పోతున్నచోట కీలు పెట్టేదెలా? సన్నని రబ్బరు పొర, గట్టి పలక, మళ్ళీ రబ్బరు, మళ్ళీ పలక, ఇలా పూతరేకుల మాదిరి పేర్చి కంకణంగా అతికిస్తారు. నిలువుగా నొక్కితే అది బండరాయి, పక్కకు జరిపితే మెత్తగా ఒదుగుతుంది. రాపిడి లేదు, ఒకదాని మీద ఒకటి ఒరిసే భాగమే లేదు. స్కైరూట్ తయారుచేసిన కలాం-250 మోటారులో ఇలాంటి ఫ్లెక్స్ నాజిల్ ఉంది, దాన్ని విద్యుత్ యాక్చువేటర్లు కదుపుతాయి. 2024 మార్చి 27న శ్రీహరికోటలో దాన్ని నేలమీద బిగించి 85 సెకన్లు మండించి చూశారు.

అంతకన్నా పెద్దది కలాం-1200. పొడవు 11 మీటర్లు, వ్యాసం 1.7 మీటర్లు, గొట్టం మొత్తం అతుకు లేని ఒకే ముక్క. ఇంధనం 30 టన్నులు. 2025 ఆగస్టు 8న శ్రీహరికోటలో పరీక్షించినప్పుడు 110 సెకన్లలో అదంతా మండింది. లెక్కేస్తే సెకనుకు 270 కిలోలకు పైనే. మన చిట్టివలస గోనె సంచుల్లో చెప్పాలంటే, యాభై కిలోల బస్తాలు సెకనుకు అయిదు. ఆ ముద్దను పోత పోసిందీ, పరీక్షకు పీఠం ఇచ్చిందీ ఇస్రో. అది మరచిపోయి అంతా ప్రైవేటు ఘనత అనేవారి మాట నేను ఒప్పుకోను.

ఈ పెద్ద మోటార్లన్నిటికీ ముందు ఒక చిన్న రాకెట్ ఎగిరింది. 2022 నవంబరు 18న ఉదయం పదకొండున్నరకు శ్రీహరికోట నుంచి స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ లేచింది. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. దానికి వంగే నాజిల్ లేదు, బొంగరం సూత్రమే దిక్కు. త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన నాలుగు బుల్లి థ్రస్టర్లు దాన్ని తన చుట్టూ తాను తిప్పాయి. తిరిగేది తొందరగా ఒరిగిపోదు. ధ్వనికి అయిదు రెట్ల వేగం అందుకుని 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, బంగాళాఖాతంలో పడింది. కక్ష్యలో ప్రవేశించే రాకెట్ కాదది. అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందన్న లెక్క ప్రకారం చూస్తే ఆ గీత కూడా దాటలేదు. భారతదేశంలో ఒక ప్రైవేటు సంస్థ చేసిన రాకెట్ ఎగరడం అదే మొదలు, అంతమాత్రం చాలు. ఎగిరిన మూడు పేలోడ్లలో ఒకటి చెన్నైది, ఒకటి మన ఆంధ్రదేశపు సంస్థది, మూడోది ఆర్మేనియాకు చెందిన బజూమ్‌క్యూ ప్రయోగశాలది. మొట్టమొదటి ప్రయాణంలోనే ఒక విదేశీ ప్రయాణికుడున్నాడు.

విదేశాలవాళ్ళు వీళ్ళ దగ్గరికి ఎందుకు వస్తారు? షేర్ ఆటో లెక్కలో చెప్తాను. తగరపువలస జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కితే డబ్బు తక్కువ. ఆటో నిండేదాకా ఆగాలి, అది పోయే దారిలోనే దిగాలి, ఇంటిదాకా రాదు. పెద్ద రాకెట్‌లో చిన్న ఉపగ్రహం పరిస్థితి అంతే. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలను తీసుకెళ్ళింది, వాటిలో 101 విదేశాలవే. అద్భుతమైన షేర్ ఆటో. కానీ ఒక్కో ఉపగ్రహానికి కావలసిన కక్ష్య వేరు, ముహూర్తం వేరు. సుమారు 350 కిలోలు మోసే, స్కైరూట్ వారి విక్రమ్-1 లాంటి రాకెట్ అడిగిన వేళకు అడిగిన వీధికి వచ్చే ఆటో. ఈ దారి తొక్కినవారిలో మనవాళ్ళు మొదటివారేమీ కాదు. న్యూజిలాండ్ నేలమీద నుంచి ఎగిరే రాకెట్ ల్యాబ్ వారి ఎలక్ట్రాన్ కూడా కార్బన్ గొట్టమే. అది 2018 జనవరిలోనే కక్ష్య అందుకుంది. పోటీ గట్టిది.

ప్రయాణికుడు దిగడమూ ఒక పనితనమే. హైదరాబాదులోని ధ్రువ స్పేస్ సంస్థ చేసే డిప్లాయర్ చూడటానికి ఒక పెట్టె. చిన్న ఉపగ్రహాలకు ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఒకటుంది, పది సెంటీమీటర్ల ఘనం. పెట్టెలో నాలుగు మూలలా పట్టాలు, వెనక అణచిపెట్టిన స్ప్రింగు, ముందు తలుపు. కక్ష్యలో ఆజ్ఞ అందగానే తలుపు తెరుచుకోవాలి, స్ప్రింగు నెట్టాలి, ఉపగ్రహం పట్టాలకు ఒరుసుకోకుండా, గిరగిర తిరగకుండా తిన్నగా జారిపోవాలి. అగ్గిపెట్టె లోపలి అరను వేలితో నెట్టినంత తేలికైన పని ఇది. కానీ గాలి లేనిచోట, ఒకపక్క ఎండలో కాగి మరోపక్క నీడలో గడ్డకట్టే లోహంతో, ఒక్కసారికే తప్పకుండా జరగాలి. లోహం కొంచెం వ్యాకోచించినా పట్టా బిగుసుకుంటుంది. 2022 జూన్ 30న పీఎస్ఎల్వీ-సీ53లో ఈ డిప్లాయర్‌ను పరీక్షించారు. అదే ఏడు నవంబరు 26న సీ54లో థైబోల్ట్ పేరుగల వారి రెండు బుల్లి ఉపగ్రహాలు కక్ష్యలోకి దిగాయి. 2025 ఆగస్టులో ధ్రువ వారి లీప్-1 ఉపగ్రహం కాలిఫోర్నియా నుంచి ఫాల్కన్-9 మీద వెళ్ళింది, అందులో ఉన్నవి రెండు ఆస్ట్రేలియా సంస్థల పరికరాలు. హైదరాబాదు ఉపగ్రహం, అమెరికా రాకెట్, ఆస్ట్రేలియా సరుకు.

స్కైరూట్ ద్రవ ఇంజన్ల గురించి రెండు మాటలే చెప్తాను. విక్రమ్-1లో కలాం మోటార్ల పైన, చివరి దశలో రామన్ పేరుతో చిన్న ద్రవ ఇంజన్లున్నాయి. ద్రవ సహజవాయువునూ ద్రవ ఆక్సిజన్‌నూ మండించే ధవన్-1ని 2021 నవంబరులో పరీక్షించారు. వీటిని లోహపు పొడి పరిచి, లేజర్‌తో కావలసినచోట కరిగించి, మళ్ళీ పొడి పరిచి, పొర మీద పొరగా అచ్చు వేస్తారు. ఇంజన్ గోడలోనే ఇంధనం పారే సన్నని కాలువలుంటాయి. మండబోయే ఇంధనం ముందు ఆ గోడను చల్లబరిచి, తర్వాత మండుతుంది. పాతపద్ధతిలో ఆ కాలువలు చెక్కి, పై రేకు అతికించి, అతుకులన్నీ పరీక్షించాలి. ఇక్కడ అతుకే లేదు.

డబ్బు సంగతీ చెప్పాలి. సింగపూర్ పెట్టుబడి సంస్థ జీఐసీ 2022 సెప్టెంబరులో ముందు నిలిచి స్కైరూట్‌కు 5 కోట్ల 10 లక్షల డాలర్ల విడత సమకూర్చింది, మరుసటి ఏడు సింగపూర్‌దే అయిన తెమాసెక్ ముందు నిలిచి 2 కోట్ల 75 లక్షల డాలర్ల విడత సమకూర్చింది. రాకెట్ సంస్థల్లో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడి నేరుగా రావచ్చని 2024లో కేంద్రం దారి తెరిచింది. ప్రయోగానికి అనుమతి ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్. ఇవన్నీ ఉండాల్సినవే. అయితే విదేశీ ఖాతాదారు తన ఉపగ్రహాన్ని అప్పగించే ముందు అడిగేది వేరు. ప్రయాణంలో నా పెట్టెకు ఎంత కుదుపు తగులుతుంది, ఎంత మోత తగులుతుంది, ఏ క్షణాన వదులుతారు? వీటికి అంకెల్లో జవాబు చెప్పాలి, చెప్పిన అంకె దాటకూడదు. ఆ జవాబుకు ఆధారం ఎక్కడో మాండ్రిల్ మీద పడిన ఒక తడి దారపు వాలు.

2025 నవంబరు 27న ప్రధాని స్కైరూట్ వారి ఇన్ఫినిటీ ప్రాంగణాన్ని ప్రారంభించి, ఏడంతస్తుల ఎత్తున్న విక్రమ్-1ను ఆవిష్కరించారు. రెండు లక్షల చదరపు అడుగుల ఆ ప్రాంగణాన్ని నెలకొక రాకెట్ చేయగల సామర్థ్యంతో కట్టారు.

శ్రీహరికోటలో సామాన్యులు ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి ఒక గ్యాలరీ ఉంది. ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. విశాఖ నుంచి చెన్నై వైపు రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాలి. పిల్లలను తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు మాత్రం కొట్టుకు పోయి ఒక పురికొస ఉండ కొని, వాళ్ళ చేతికిచ్చి మెల్లగా విప్పమనండి.